మఠం బీరు మద్యం కాదు

బెల్జియం సన్యాసులు కాచిన బీరు తాగితే అది తాగుడు కిందికి రాదు! నమ్మరా? ఢిల్లీ మయూర్ విహార్‌లో ఓ హౌసింగ్ సొసైటీకి ప్రెసిడెంటయిన సదాశివరావుగారిని అడగండి. కేంద్ర ప్రభుత్వంలో డిప్యూటీ సెక్రటరీ. ఆయన నోటిమాటకు ఫైలు నంబరొక్కటే తక్కువ.

రెండువేల ఏడులో ఓ ఆదివారం మధ్యాహ్నం, గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మేనల్లుడు సందీప్ బ్రసెల్స్ నుంచి ఆరు సీసాలు తెచ్చాడు. మామూలు బీరయితే సదాశివరావు గుమ్మం దాటనిచ్చేవారా? శివశివా! కానీ సీసా మీద మఠం బొమ్మ ఉంది. లోపల కషాయంలా నల్లటి సరుకు. పదకొండు శాతం ఆల్కహాలని లేబుల్ మీదే రాసుంది. అయితేనేం? తపస్సు చేసుకునేవాళ్ళ చేతివంట ఆ మాత్రం ఘాటుగా ఉండదూ?

పైగా దీన్ని తాగకూడదట, ఆస్వాదించాలట. మరీ చల్లబరిస్తే అపచారం. పొట్ట ఉబ్బిన గ్లాసులోనే పోయాలి. మూతి పెట్టేముందు ముక్కు పెట్టాలి. సదాశివరావు ముక్కు పెట్టి, కిస్‌మిస్సూ, కాలిన బెల్లమూ, లవంగమూ అంటూ కళ్ళు మూసుకున్నారు. తన వంట దగ్గర ఆ ముక్కు ఇంత శ్రద్ధగా ఏనాడూ పనిచెయ్యలేదని భార్య కస్తూరి లోపల్నుంచి అంది. ఎవరు విన్నారు? మూడో సీసాకు భక్తి ముదిరింది. సోఫా మెల్లమెల్లగా ఘాజియాబాద్ వైపు జరగసాగింది.

అప్పుడు గుర్తొచ్చింది, నాలుగింటికి కమిటీ మీటింగు! ఎజెండా ఒక్కటే: వాచ్‌మన్ హనుమయ్య ఉద్యోగం. శ్రీకాకుళం నుంచి వచ్చి తొమ్మిదేళ్ళుగా గేటు కాస్తున్నాడు. ఇద్దరాడపిల్లల చదువూ, పంపు షెడ్డు పక్కన ఒంటిగది కాపురమూ ఆ గేటు మీదే. శుక్రవారం డ్యూటీ దిగాక, దిగాకే సుమండీ, నాటుసరుకు ఓ క్వార్టరు వేసుకుని గేటు దగ్గర గట్టిగా నవ్వాడట. ఎంత ఘోరం!

కమ్యూనిటీ హాలుకు రెండు మెట్లు. సదాశివరావుకు నాలుగు కనిపించాయి. పక్కనుంచి ఎవరో మోచెయ్యి పట్టుకుని ఎక్కించి, కుర్చీలో జాగ్రత్తగా కూర్చోబెట్టారు. ఎవరనుకున్నారు? హనుమయ్యే.

ప్రెసిడెంటుగారు అరగంట మాట్లాడారు. తాగుడు సంస్కారం లేనివాళ్ళ జబ్బన్నారు. "శరాబీకి గేటు ఎలా అప్పగిస్తాం జీ?" అని అందరినీ నిలదీశారు. ముందు వరసలో కమిటీ మెంబరు వర్మాజీ రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. కిస్‌మిస్ వాసన కదా! హనుమయ్యను తీసెయ్యాలన్న తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

సంతకం దగ్గరే చిక్కొచ్చింది. పెన్ను కాగితం దాటి టేబుల్ క్లాత్ మీదికి పోయింది. వెనక నిలబడ్డ హనుమయ్య వంగి, కాగితాన్ని ఆయన చేతికిందికి జరిపి, గీత మీద వేలు పెట్టి చూపించాడు.

"ఇక్కడ బాబూ," అన్నాడు. "నిదానంగా ఎట్టండి."