కాళ్లు ఎడంగా పెట్టిన కొట్టం

పది గంటలకు పెద్ద ఇంజనీరు దేవరాజులు తనిఖీకి వస్తాడు. ఆయన మెచ్చితే కుర్ర ఇంజనీరు జయరామ్ ఉద్యోగం పర్మనెంటు, మెచ్చకపోతే సొంతూరు చంద్రగిరికి తిరుగు బస్సు. అందుకే జయరామ్ పొద్దున్నే తల దువ్వుకొని, తాను గీసిన డ్రాయింగు చంకన పెట్టుకొని, ఎనిమిదికల్లా నాయుడుపేట అవతల బంకమట్టి నేలలో కడుతున్న రేకుల గోదాము దగ్గర దిగాడు. దిగీ దిగగానే, పాపం, చంకలోని డ్రాయింగు తీసి, దాన్నీ గోదాము మూలల్నీ మార్చి మార్చి చూశాడు.

డ్రాయింగులో పునాది దుంగలన్నీ నిటారుగా ఉన్నాయి. మేస్త్రీ ఓబయ్య మాత్రం నాలుగు మూలల్లోనూ రెండేసి సరుగుడు దుంగలను కాళ్లు ఎడం చేసి ఏటవాలుగా దించి, తలలు కలిపి బోల్టులు బిగించేశాడు.

"ఏందప్పా ఇది? నా కొంప ముంచినావే!"

"రేకుల కొట్టానికి బరువు యాడుండాది సారూ? కిందికి దిగబడతాదని భయం లే. తుపాను గాలి పక్కనుంచి తోస్తాది సూడు, దాంతోనే తంటా. తోపులాటలో మనిషైనా కాళ్లు ఎడంగా పెట్టే కదా నిలబడేది?" అన్నాడు ఓబయ్య, తాపీగా బీడీ ముట్టిస్తూ.

"నాకే పాఠాలా? ఆయన వచ్చేలోగా పీకించెయ్!"

పక్క చేలో దున్నుతున్న మునిరత్నాన్ని ట్రాక్టరుతో సహా పిలిపించారు. మూల దుంగలకు మోకు కట్టి లాగితే అవి వెంట్రుకవాసి కదల్లేదు గాని, ట్రాక్టరు చక్రాలు తడి బంకలో సగందాకా దిగబడ్డాయి. "నా బండి గతేందబ్బా!" అని మునిరత్నం ఒకటే గగ్గోలు. జయరామ్ కంగారుగా మధ్యలో డ్రాయింగు ప్రకారమే దించిన నిటారు దుంగకు గొలుసు కప్పీ తగిలించి ట్రాక్టరును లాగించబోయాడు. ట్రాక్టరు రాలేదు. దుంగే పక్కకు వంగిపోయింది.

సరిగ్గా అప్పుడే జీపు ఆగింది. దేవరాజులు వంగిన దుంగను చూశాడు, మోకు కట్టి ఉన్నా చెక్కుచెదరని మూలను చూశాడు, చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"పక్కకు లాగి పరీక్ష చేసినావా? ఇంతవరకు ఎవురికీ తట్టలేదే! నిటారుది వంగింది, ఇది నిలబడింది. శభాష్! ఎవురిదయ్యా ఈ ఆలోచన?"

'నాదే' అన్న మాట జయరామ్ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో ఉద్యోగం ఖాయం. కాని అంత తిట్టినా ఏమీ అనుకోకుండా, మోకాళ్లలోతు బురదలో ట్రాక్టరు చక్రం కింద చెక్కలు పెడుతున్న ఓబయ్యను చూస్తే, నిజంగానే చేతులెత్తి మొక్కాలనిపించింది.

"ఓబయ్యది సార్. నేను పరీక్ష చెయ్యలేదు, పీకించబోయినాను. ఆ నిటారు డ్రాయింగే నాది."

దేవరాజులు డ్రాయింగు తీసుకొని జీపెక్కాడు.

వారం తిరక్కముందే ఉత్తర్వు వచ్చింది. జయరామ్ ఉద్యోగం పర్మనెంటు అయింది. మొదటి ఆరు నెలలు మాత్రం ఓబయ్య చెప్పినట్టు నడుచుకోవాలట.