పుంగనూరు ఆవు, కుప్పం రాయి, మదనపల్లె మురుకులు

క్రిస్మస్‌కి భార్యకు ఒక చీర కొనిచ్చి చేతులు దులుపుకొనే మగమహారాజులారా, మీకు సిగ్గుందా? చీర ఏం చేస్తుంది? బీరువాలో పడి ఉంటుంది. భారీ కానుక అలా కాదు, ఇంటిల్లిపాదినీ పరుగులు పెట్టిస్తుంది! కానుక ఎంత పెద్దదైతే ప్రేమ అంత పెద్దది. నమ్మకపోతే మదనపల్లెలో దయామణిని అడగండి.

దయామణి నర్సుగా చేసి రిటైరైంది. క్రిస్మస్ అంటే ఆమెకు ఒకటే లెక్క: ఎవరిది ఏ మతమైనా సరే, వీధిలో ప్రతి ఇంటికీ ఒక ప్లేటు మురుకులు వెళ్ళాలి. కానీ ఈమధ్య కుడి మణికట్టు మొరాయిస్తోంది. ఈసారి ఏ ఇంటికైనా ప్లేటు తప్పిపోతుందేమోనని ఆమెకు ఒకటే దిగులు.

అలాంటి ఇల్లాలికి దేవుడిచ్చిన భర్త కృపాదానం, రిటైర్డ్ సైన్సు మాస్టారు! ఆయనకు రెండే పిచ్చులు. ఖరీదైన కానుకలు, ఫోన్‌లో వింత విషయాలు.

పోయినేడాది కుప్పం నుంచి నల్ల గ్రానైట్ బెంచీ తెప్పించాడు. దాని వీపు మీద సిలువ చెక్కించి, కింద బంగారు అక్షరాలతో "ప్రియమైన దయామణికి" అని రాయించి గేటు పక్కన పెట్టించాడు. ఇంకేముంది! మర్నాడు కూరగాయల బయ్యమ్మ సిలువ చూసి, పేరు కూడబలుక్కుని, గంప దించి బోరుమంది.

"అయ్యో, మొన్న గదమ్మా నాతో బెండకాయలు బేరమాడిండేది! ఎప్పుడు పోయె నా తల్లి?"

దయామణే బయటికొచ్చి, కాఫీ ఇచ్చి ఓదార్చింది. తన కోసం ఏడ్చేవాళ్ళను బతికుండగా కళ్ళారా చూసే భాగ్యం చీరతో వస్తుందా, చెప్పండి!

ఈ ఏడాది పుంగనూరు పెయ్యదూడ! ప్రపంచంలోని అతి పొట్టి ఆవుల్లో అదొకటి. మెడకు రిబ్బన్ కట్టి హాల్లోకి తోలుకొచ్చాడు.

"సూడు దయా, సోఫాలో గూడా పడతాది!"

పట్టింది కూడా. తర్వాత దిగి, దయామణి ముచ్చటపడి కట్టిన క్రిస్మస్ పశువుల పాక దగ్గరికి వెళ్ళింది. కప్పు మేసింది, గోడలు మేసింది, గొర్రెల కాపరుల బొమ్మల కింద పరిచిన గడ్డీ మేసింది. నిజం ఆవున్న పశువుల పాక ఊళ్ళో ఇంకెవరింట్లో ఉంది? పాక లేదంటారా? అదొక లోపమా!

పండగ ముందురోజు మధ్యాహ్నం దయామణి పేడ ఎత్తి, మళ్ళీ స్నానం చేసి, పిండి కలిపి పొయ్యి ముందు కూర్చుంది. ఒక వాయి ఒత్తేసరికి మణికట్టు పట్టేసింది.

"ఈడికి రాండి. ఈ గొట్టం కొంచేపు ఒత్తండి, నా సెయ్యి పడిపోతాండాది."

"యాల దయా, వచ్చే క్రిస్మస్‌కి కరెంటు మిషనే కొనిస్తా గదా!" అన్నాడు కృపాదానం సోఫాలోంచి. "ముందు ఇది ఇను. సాంటా బండి లాగే రెయిన్‌డీర్లు ఉండాయే, మగవాటికి డిసెంబర్‌కంతా కొమ్ములు రాలిపోతాయంట. బొమ్మల్లో సూస్తే అన్నిటికీ కొమ్ములుండాయి. అంటే ఏంది? బండి లాగేవన్నీ ఆడవే! ఎంత వింతో సూడు!"

దయామణి గొట్టాన్ని ఎడమ చేతికి మార్చుకుంది.

"దాంట్లో వింతేముండాది? ఈ ఇంట్లో లాగతాండేది ఎవురంట?"

ఆయన అప్పటికే ఇంకో వింత వెతుకుతున్నాడు.

సాయంత్రానికి ఒక్క ఇల్లూ తప్పకుండా మురుకులు అందాయి. ఎర్ర టోపీ పెట్టుకుని పంచినవాడు కృపాదానం. "సార్, మీ మురుకులు భలే ఉండాయి!" అని వీధి వీధంతా మెచ్చుకుంది. ఆయన కాదనలేదు.

దయామణి చేతికి తడిగుడ్డ చుట్టుకుని బెంచీ మీద కూర్చుని అంతా వింటోంది. అయినా ఆమెకేం తక్కువ? పేరు వీపు వెనకాల బంగారు అక్షరాలతో ఉంది కదా!