గెలిచేవాడికే మన ఓటు!

మూడో పార్టీకి ఓటు వేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది! నిక్షేపంలాంటి పార్టీలు రెండుండగా మూడోది ఎందుకండీ? మన గోడు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయడానికి ఆ రెండూ చాలవా?

పైగా ఆ రెండు పార్టీలకూ పేదా గొప్పా తేడా గురించి ఎంత బెంగ! మా బట్టల ఫ్యాక్టరీ ఓనరుగారి బంగ్లాలో ఇద్దరు అభ్యర్థులూ విందు ఆరగిస్తూ ఆ తేడా తలచుకునే కంటతడి పెట్టారట. ఒకాయన సూప్ దగ్గరే మొదలెట్టేశారు. రెండో ఆయన పాపం ఐస్‌క్రీమ్ దాకా ఆపుకున్నారు. ఓనరుగారు ఇద్దరికీ టిష్యూలు అందించి, ఇద్దరికీ విరాళాలిచ్చారు. పక్షపాతమన్నది ఆయన ఇంటావంటా లేదు!

మా వదిన ఆ ఫ్యాక్టరీలోనే కాలర్లు కుడుతుంది. పసిపిల్లను అక్కడి పిల్లల గదిలో ఆయా దగ్గర వదిలి మిషను ముందు కూర్చుంటుంది. ఆ గది పడగొట్టి కార్ల షెడ్డు వేస్తామన్నారు ఓనరుగారు. తప్పేముంది? పిల్లలు ఎక్కడైనా పెరుగుతారు. ఎండకు పోయిన కారు రంగు మళ్ళీ వస్తుందా?

మూడో అభ్యర్థి బస్ కండక్టరు. ఆయనకు కంటతడి పెట్టడం బొత్తిగా చేతకాదు. "ఆ గది పడగొట్టనివ్వను. ఓనరు చేత పన్ను కట్టిస్తాను" అనేశాడు. ఎంత మోటు మనిషి!

"నా ఓటు కండక్టరుకే మరిదీ," అంది వదిన. "ఆ గది పోతే నా పనీ పోయినట్టే."

"పిచ్చి వదినా! మంచోడే, కాదన్లేదు. కానీ గెలవడు. నీ ఓటు మురిగిపోతుంది. గెలిచే ఐస్‌క్రీమ్ ఆయనకే వెయ్యి" అని నోరు నొప్పెట్టేదాకా నచ్చజెప్పాను. చివరికి సరేనంది.

ఐస్‌క్రీమ్ ఆయన గెలిచారు. గది పోయి షెడ్డు వచ్చింది. ఆయనే వచ్చి రిబ్బన్ కత్తిరించి, పేదల కోసం ఇంకోసారి కంటతడి పెట్టారు. వదిన పని మానేసింది. "నువ్వు చెప్పావనే వేశాను మరిదీ" అని మాత్రం అంది. నాలుగు తిట్టినా బాగుండేది.

మనసాగక వీధిలోకి వెళ్ళి కనబడినవాళ్ళనల్లా అడిగాను. సెలూన్ ఆయన, ఇస్త్రీ ఆయన, పాల బూత్ ఆవిడ, అందరిదీ ఒకటే మాట.

"కండక్టరు బంగారంలాంటి మనిషండీ. ఆయనకే వేద్దామనుకున్నాం. ఎలాగూ గెలవడు కదా అని మానేశాం."

చూశారా! మా వీధిలో ఒక్క ఓటూ వృథా పోలేదు. అందరం తెలివిగా గెలిచేవాడికే వేసి, గెలవాల్సినవాణ్ణి ఓడించుకున్నాం.