చిలకపచ్చకు ముద్ర పడిన రోజు

బుధవారం ఉదయం పదింటికి చిలకపచ్చ రంగు తన పుట్టుక పత్రం కోసం పురపాలక కార్యాలయానికి వచ్చింది. రేకు పళ్లెంలో కూర్చోబెట్టుకుని తెచ్చింది ఆరో తరగతి లాస్య. మధ్యాహ్నం ఆ పిల్లకు డ్రాయింగు పరీక్ష, వెయ్యాల్సింది రామచిలక. పత్రం లేని రంగును హాల్లోకి రానివ్వరు. ఎరుపు, పసుపు, నీలాలకు ఆ బాధ లేదు. అవి ఎవరినో కలిపితే పుట్టినవి కావు, వాటిని పత్రం అడిగే ధైర్యం ఎవరికుంది చెప్పండి? అంతకుముందు ఊదారంగు వచ్చినప్పుడైతే, పాపం, మూడు నెలలు తిప్పారు.

గుమాస్తా వరహాలుగారు కళ్లజోడు సవరించుకున్నారు.

"అమ్మ?"

"పసుపండి."

"నాన్న?"

"నీలం."

"మరి నువ్వు పసుపా, నీలమా?"

"పచ్చనండి. అమ్మ వాటా ఎక్కువ పడి చిలకపచ్చనయ్యాను. నాన్న వాటా ఎక్కువ పడి మా అన్నయ్య ముదురాకుపచ్చ అయ్యాడు."

"మరి అన్నయ్య ఏమని రాశాడు?"

"నీలమనండి. వెంటనే ఉద్యోగమొచ్చింది."

"చూశావా! ఫారంలో ఉన్నవి మూడే గళ్లమ్మా, ఎరుపు, పసుపు, నీలం. పచ్చకి గడి లేదు."

"తాతగారూ, గడి నేను గీస్తానండీ, స్కేలు తెచ్చాను" అంది లాస్య. అంటూనే కళ్లనీళ్లు పెట్టుకుంది.

వరహాలుగారిది మెత్తని మనసు. "ఏడవకు తల్లీ, ముద్ర కొట్టేస్తాలే" అన్నారు. నిబంధన ప్రకారం ముద్ర దరఖాస్తుదారు నుదుటి మీదే వెయ్యాలి. ముద్రకు వాడేది ఎర్రసిరా. చిలకపచ్చ ఇంకా ఆరలేదు.

ఎరుపూ పచ్చా పక్కపక్కన కూర్చుంటే ఒకదాన్ని చూసి ఒకటి మెరుస్తాయి. కలిపితే రెండూ పోతాయి. కుంచె పట్టిన పిల్లలందరికీ తెలిసిన సంగతే ఇది. ముద్ర పడేసరికి పళ్లెంలో మట్టిరంగు మిగిలింది.

"ఇప్పుడు నీలో ముగ్గురూ ఉన్నారు" అంటూ వరహాలుగారు సంతోషంగా మూడు గళ్లలోనూ టిక్కులు పెట్టారు. "ఇక నిన్నెవరూ ఆపరు."

"ఒళ్లు కాస్త బరువుగా ఉందండి" అంది రంగు.

"అలవాటైపోతుందిలే."

మధ్యాహ్నం లాస్య మట్టిరంగు రామచిలకను వేసింది. పరీక్షాధికారి పత్రాన్ని రెండుసార్లు చూశారు, చిలకను చూడలేదు. నూటికి నూరు వేశారు.

ఇంటికి గెంతుకుంటూ వస్తున్న లాస్యకు జామచెట్టు మీద పచ్చటి చిలక కనిపించింది. ఆ పిల్ల ఆగి, జాలిగా తలెత్తి చూసింది.

"అయ్యో, నీకింకా ముద్ర పడలేదా?"