నిండు గ్లాసు, నాలుగు స్ప్రింగులు

ఆ శనివారం పొద్దున దర్జీ వేసుకున్న లెక్క చాలా చిన్నది. ఎనిమిదింటికి కారు షెడ్డులో ఇవ్వాలి. మధ్యాహ్నానికి తెచ్చుకోవాలి. ఆదివారం పదింటికి అత్తగారిని ఎక్కించుకుని ఇంటికి తీసుకురావాలి. అంతే.

కారు వయసు ఇరవై రెండేళ్లు. ఇంజను బాగుంది, రంగు బాగుంది, తలుపులు మూస్తే మూసుకుంటాయి. ఒళ్లంతా బాగున్న మనిషికి మోకాళ్లు పోయినట్టు దానికి కింద స్ప్రింగులు పోయాయి. రోడ్డు మీద అగ్గిపుల్ల పడి ఉన్నా లోపల కూర్చున్నవాళ్లకి తెలిసిపోయేది. పోయిన నెల పోస్టాఫీసు ముందున్న స్పీడు బ్రేకరు దగ్గర అత్తగారి తల కారు కప్పుకి తగిలింది. కళ్లజోడు ఎగిరి వెనక సీట్లో పడింది. ఆవిడ ముప్పై అయిదేళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. కట్లు కట్టడమే గాని కట్టించుకోవడం ఎరగదు.

“అల్లుడుగారూ, నన్ను ఇంటికి తీసుకెళ్తున్నారా, రోట్లో వేసి దంచుతున్నారా?” అని దిగి, మిగతా దారంతా నడిచే వెళ్లింది.

ఇప్పుడు ఆవిడ నెల రోజులు ఉండటానికి వస్తోంది. పైగా నడుంనొప్పి. దర్జీ భార్య ముందే తేల్చి చెప్పేసింది.

“అమ్మ చేతికి గ్లాసు నిండా నీళ్లు పోసి ఇస్తాను. వాళ్లింటి నుంచి మనింటి దాకా ఒక్క చుక్క ఒలికిందా, సోమవారం పాతసామాన్లవాడొచ్చి ఈ డబ్బాని పట్టుకుపోతాడు. అది కావాలో మేం కావాలో తేల్చుకోండి.”

దర్జీ మాటల మనిషి కాదు. కాని ఆ కారు ఆయన తన కష్టంతో కొనుక్కున్న మొదటి పెద్ద వస్తువు. సీట్లకి తొడుగులు తనే కుట్టాడు, మూడుసార్లు. పాతసామాన్లవాడు ఆ తొడుగుల మీద కూర్చోవడం ఊహించుకుంటేనే ఆయనకి ముద్ద దిగలేదు.

షెడ్డులో మేస్త్రీ కారు కిందికి దూరి, కాసేపటికి మొహమంతా మసితో బయటికొచ్చాడు.

“మాస్టారూ, షాక్ అబ్జార్బర్లు నాలుగూ నూనె కక్కేశాయి. అవి కొత్తవి వేసేస్తాను, గెంతడం ఆగుతుంది. తంటా అంతా స్ప్రింగులతోనే. అవి బరువుని బట్టి వెయ్యాలి. మెత్తనివి వేస్తే బండి నేలకి ఆనుతుంది, మరీ గట్టివి వేస్తే మేకపిల్లలా ఎగురుతుంది. మామూలుగా ఎంత బరువు ఎక్కుతుంది?”

“నలుగురం.”

“నలుగురంటే ఎంత? మా ఇంట్లో నలుగురంటే లారీ కావాలి. కిలోల్లో రాసి పట్రండి.”

ఇక్కడ దర్జీ పని పద్ధతి ఒకటి చెప్పాలి. ఆయన టేపు పట్టి నడుం కొలిచినప్పుడు పైకి చెప్పే అంకె వేరు, పుస్తకంలో రాసే అంకె వేరు. ముప్పై ఏడు వస్తే “ముప్పై అయిదు” అని పైకి అంటాడు, ముప్పై ఏడు అని రాసుకుంటాడు. కొలత ఇచ్చినవాళ్లు నవ్వుకుంటూ వెళ్తారు, బట్టలు ఒంటికి సరిపోతాయి. ఇరవై ఆరేళ్లుగా ఆయన చేతిలో ఒక్క కుట్టూ పిగల్లేదు, ఒక్క మనసూ నొచ్చుకోలేదు. అంతకాలం చేశాక ఆయనకో నమ్మకం స్థిరపడింది. మనిషి తన ఒంటి గురించి ఏ అంకె చెప్పినా దానికి కొంత కలపాలి.

ఇంటికి వచ్చి భార్యని అడిగాడు.

“డెబ్బై రెండు,” అందావిడ. తల్లి నడుం సంగతి కదా అని మందుల షాపుకి వెళ్లి, మిషనెక్కి, చీటీ తీసుకుని మరీ వచ్చింది. చీటీ మాత్రం చూపించలేదు. దర్జీ ఆవిడని పైనుంచి కిందికి ఒకసారి చూసి, ఎనభై నాలుగు అని రాసుకున్నాడు.

బావమరిదికి ఫోను చేశాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. “తొంభై ఎనిమిది బావా. నిన్ననే డిపోలో డాక్టరు తూచి తిట్టాడు,” అన్నాడు. దర్జీ నూట పదమూడు వేశాడు. అత్తగారు “అరవై ఒకటి, రాసుకోండి” అంటే డెబ్బై ఒకటి వేశాడు. తన బరువు యాభై ఎనిమిది. న్యాయం అందరికీ ఒకటే కదా అని తనకీ అయిదు కలుపుకున్నాడు. మొత్తం మూడువందల ముప్పై ఒకటి.

ఆ ఒక్కసారికి మాత్రం అందరూ నిజమే చెప్పారు.

మేస్త్రీ చీటీ చూశాడు. ఆయనకీ ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. కారు ఇచ్చేవాళ్లు బరువు ఎప్పుడూ తక్కువే చెబుతారని ఆయన నమ్మకం. పావు వంతు కలిపి, నాలుగువందల పద్నాలుగు అని స్ప్రింగుల షాపుకి ఫోను చేశాడు. చీటీ మడిచి కారు ముందర అరలో పెట్టాడు. అక్కడ షాపాయన, ఈ మేస్త్రీ ఎప్పుడూ తక్కువ చెప్పి, చాలలేదని మర్నాడు తిరిగి తెస్తాడు, మనమే ముందు జాగ్రత్త పడదాం అనుకుని అయిదువందల కిలోలవి పంపించాడు. ముగ్గురి మనసులోనూ ఏ పాపమూ లేదు.

మధ్యాహ్నం అన్న కారు సాయంత్రం ఆరింటికి బయటికొచ్చింది. నిద్రలేచి ఒళ్లు విరుచుకునే పిల్లిలా వెనక భాగం పైకెత్తి నిలబడి ఉంది. ముందు లైట్లు నేలకేసి చూస్తున్నాయి.

“ఇదేంటి?” అన్నాడు దర్జీ.

“బరువు పడలేదుగా. పడితే అదే దిగుతుంది,” అని మేస్త్రీ షట్టరు లాగేశాడు. మర్నాడు సెలవు.

దర్జీ ఒక్కడే ఎక్కి ఇంటికి బయల్దేరాడు. ఈసారి ఎగరడానికి స్పీడు బ్రేకరు అక్కర్లేకపోయింది, రోడ్డు మీద వేసిన తెల్లగీత చాలింది. ఇల్లు చేరేసరికి ఆయన జేబులో పెట్టుకున్న టేపు మెళ్లో ఉంది. ఎలా వచ్చిందో తెలియదు. కారుని ఎవరికీ కనబడకుండా పెరటివైపు గోడవారగా పెట్టి, దొడ్డిదారిన లోపలికెళ్లి పడుకున్నాడు.

తెల్లవారుతూనే ఆయనకి మేస్త్రీ మాట తట్టింది. బరువు పడితే దిగుతుంది. ఇంటి ముందుగదే ఆయన షాపు. కారుని పెరటివైపు నుంచి వాకిట్లోకి తెచ్చాడు. ఇనుప కాళ్ల కుట్టుమిషను, మూడు బరువైన ఇస్త్రీపెట్టెలు, గుడ్డల మూటలు అన్నీ ఒక్కటొక్కటిగా మోసి డిక్కీలో సర్దాడు. మూటల మీద కొలతల పుస్తకం పెట్టి డిక్కీ మూశాడు. కారు జానెడు దిగింది. ఇంకో జానెడు దిగాలి.

భార్య లేచి ముందుగదిలోకి వచ్చింది. మిషను లేదు. మిషను ఉండేచోట నాలుగు మచ్చలు మాత్రం ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే మొగుడు కారు తాళాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తేల్చుకోండి అని తను అన్న మాట గుర్తొచ్చింది. గబగబా ఫోను తీసింది.

“ఒరే తమ్ముడూ! మీ బావ ఇల్లొదిలి వెళ్లిపోతున్నార్రా! మిషనుతో సహా!”

ఆవిడ గొంతుకి అసలు ఫోను అక్కర్లేదు. దర్జీకి కోటు గుడ్డ ఇచ్చి, అది కుట్టాడో లేదో చూడటానికి అప్పుడే వస్తున్న సంగీతం టీచరు వీధిలోనే విని ఆగిపోయింది.

“వెళ్లిపోతున్నారా? మరి నా కోటు గుడ్డ?”

“మూటలో ఉంది,” అన్నాడు దర్జీ.

“ఏ మూటలో?”

“కారులో.”

టీచరు ఇంకేమీ అడగలేదు. వెనక తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది. “నా గుడ్డ ఎక్కడుంటే నేనక్కడే. ఎక్కడికి తీసుకెళ్తారో నేనూ చూస్తాను,” అంది. పాట నేర్పే మనిషి కదా, ఆ మాట మూడిళ్లకి వినిపించింది.

దర్జీకి విషయం చెప్పేద్దామనే ఉంది. కాని నోరు తెరిస్తే స్ప్రింగుల సంగతి బయటపడుతుంది, స్ప్రింగుల సంగతి బయటపడితే కారు పోతుంది. అందుకని తెరిచిన నోరు మూసుకున్నాడు.

“ఎక్కడికండీ?” అంది భార్య.

“అత్తయ్యగారి దగ్గరికి.”

“మిషనెందుకు?”

దర్జీ ఆకాశంకేసి చూశాడు.

“ఓహో! మా అమ్మకి నన్ను అప్పజెప్పేసి, అటునుంచి అటే వెళ్లిపోదామనా?”

ఇంతలో బావమరిది వచ్చాడు. సగం గెడ్డం మీద ఇంకా సబ్బు నురగ ఉంది. “బావా, ఏదన్నా ఉంటే కూర్చుని మాట్లాడుకుందాం,” అని, అన్నట్టుగానే వెనక సీట్లో కూర్చున్నాడు. తొంభై ఎనిమిది కిలోలు పడేసరికి కారు ఒక్క నిట్టూర్పు విడిచి కిందికి దిగింది. దర్జీ మొహం మీద ఆ రోజు మొదటిసారి నవ్వు కనిపించింది.

“పైగా నవ్వొకటి!” అని భార్య కూడా ఎక్కి తలుపు దభీమని వేసింది. ఆ దెబ్బకి కారు సరిగ్గా నేలకి సమానంగా నిలబడింది.

అత్తగారు గేటు దగ్గర సంచీతో రెడీగా ఉంది. కారులోకి తొంగిచూసింది.

“నన్ను తీసుకెళ్లడానికి ఇంతమందా? నేనేం పారిపోతాననా?”

“నువ్వు కాదమ్మా, పారిపోయేది ఈయన,” అంది కూతురు. కోపం కోపమే, పందెం పందెమే. లోపలికెళ్లి గ్లాసు అంచు దాకా నీళ్లు నింపి తెచ్చి తల్లి చేతికిచ్చింది.

కారు కదిలింది. దర్జీకి సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఊపిరి బిగబట్టడం అలవాటు. ఇప్పుడూ బిగబట్టాడు. మొదటి గుంట వచ్చింది, వెళ్లింది. గ్లాసులో నీళ్లు సన్నగా వణికాయి, అంతే. మలుపులో కారు ఒక పక్కకి ఒరగలేదు.

“బావా, మా బస్సు కన్నా మెత్తగా పోతోందే!” అన్నాడు బావమరిది.

“మీ బస్సు కన్నా ఎడ్లబండి కూడా మెత్తగానే పోతుంది,” అంది సంగీతం టీచరు. ఆవిడ రోజూ ఆ బస్సులోనే వెళ్తుంది.

పోస్టాఫీసు స్పీడు బ్రేకరు వచ్చింది. భార్య కళ్లు మూసుకుంది. అత్తగారు అలవాటుగా తల వంచింది. కారు ఎక్కింది, దిగింది. దిగిన తర్వాత ఊగలేదు. నీళ్లు అంచు దాకా వచ్చి, తొంగిచూసి, వెనక్కి పోయాయి.

“ఒలకలేదు!” అని భార్యే ముందు అరిచింది. మొగుడు పారిపోతున్న సంగతి ఒక్క క్షణం మరిచిపోయింది.

అత్తగారు మెచ్చుకోలుగా తలూపి, కళ్లజోడు తుడుచుకుందామని గుడ్డముక్క కోసం ముందర అర తెరిచింది. అందులో మడతపెట్టిన చీటీ ఉంది. రోగుల చీటీలు చదివిన ప్రాణం కదా, ఒక చేతిలో గ్లాసు పట్టుకుని రెండో చేత్తో విప్పింది.

“ఏమిటిది? ‘ఆవిడ, ఎనభై నాలుగు’.”

వెనక సీట్లో భార్య సీటు అంచుకి జరిగింది.

“నేను డెబ్బై రెండు చెప్పాను,” అంది భార్య మెల్లగా. “మిషనెక్కి మరీ చెప్పాను.”

“‘బావమరిది, నూట పదమూడు’,” అని చదివింది అత్తగారు.

“బావా! ఇంత కసా నీకు నా మీద?”

“ఒక్క నిమిషం,” అంది సంగీతం టీచరు ముందుకి వంగి. “చెప్పింది ఒకటి, రాసుకునేది ఒకటా? నా నడుం ముప్పై నాలుగు అన్నారు. పుస్తకంలో ఎంత వేశారు?”

పుస్తకం ఆవిడ వెనకే, డిక్కీలో, మూటల మీద ఉంది. దర్జీ రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు. తప్పనిసరై నోరు విప్పాడు. స్ప్రింగులు, మేస్త్రీ, మిషను, అంతా నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. పుస్తకం సంగతి చెప్పలేదు.

“అయితే మీరు వెళ్లిపోవడం లేదా?” అంది భార్య.

“ఎక్కడికెళ్తాను?”

భార్యకి నవ్వొచ్చింది. నవ్వాలా వద్దా అని ఆలోచిస్తుండగా అత్తగారు చీటీలో మూడో వరస చదివింది. దాన్ని పైకి చదవలేదు. లోపల్లోపలే చదువుకుని, చీటీ మడిచి, అర మూసి, ఇంటి గేటు ముందు కారు పూర్తిగా ఆగేదాకా ఓపిగ్గా కూర్చుంది. ఆగాక నిండు గ్లాసు ఎత్తి అల్లుడి నెత్తిన చక్కగా, చుక్క పక్కకి పోకుండా కుమ్మరించింది.

“అరవై ఒకటి,” అంది.

“అమ్మా, నీళ్లు ఒలికాయి!” అన్నాడు బావమరిది.

“ఒలికించింది నేను. కారు కాదు,” అని ఆవిడ తీర్పు చెప్పింది. “పాతసామాన్లవాణ్ణి రావద్దనండి. నా నడుం ఇంత సుఖంగా కూర్చుని ఎన్నాళ్లయిందో. ఈ స్ప్రింగుల మీద ఎవరన్నా చెయ్యి వేశారో, ఊరుకోను.”

సోమవారం మేస్త్రీ తనంతట తానే వచ్చి, తప్పు ఒప్పుకుని, సరైన స్ప్రింగులు మార్చి ఇస్తానన్నాడు. అత్తగారు ఆయన్ని గేటులోంచే పంపించేసింది.

అప్పటినుంచి దర్జీ ఒక్క దారపుండ కొనుక్కోవడానికి కారు తియ్యాలన్నా, ఇంటిల్లిపాదీ, సంగీతం టీచరూ, కుట్టుమిషనూ ముందు ఎక్కాలి.