హోల్‌సేల్ ఆరోగ్యం

రోజూ వంట చేసుకోవడం శుద్ధ తెలివితక్కువ పని. ఈ మాట మీకు రుచించకపోవచ్చు. నెల రోజులుగా మా ఇంట్లో ఏదీ ఎవరికీ రుచించలేదు కాబట్టి నేనేమీ అనుకోను.

మేకు కావలసినప్పుడల్లా ఎవరైనా కూర్చుని ఇనుము కరిగిస్తారా? పెట్టెలకొద్దీ ఒకేసారి తెప్పించి, గోడౌన్‌లో పెట్టుకుని, అవసరమైనప్పుడు తీసుకుంటారు. మరి తిండికి మాత్రం పూటపూటా పొయ్యి వెలిగించడమేమిటి? మేకులూ బోల్టులూ తలుపు బందులూ ఇరవై ఆరేళ్లుగా హోల్‌సేల్‌గా అమ్ముతున్నవాణ్ణి. సరుకు నిలవ చెయ్యడం గురించి నాకొకరు చెప్పాలా!

ఈ ఆరోగ్యంలోకి దిగేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: ఎనభై ఆరు కిలోల ఒళ్లు, అందులో పధ్నాలుగు కిలోలు ఎవరూ ఆర్డరివ్వని సరుకు. రెండు తలుపుల ఫ్రిజ్ ఒకటి. కాలేజీలో చదివే కూతురు. పోస్టాఫీసులో కౌంటర్ దగ్గర కూర్చునే భార్య. ఆ భార్యకు వారానికి ఒక ఆదివారం.

ఆ ఆదివారం సంగతి కొంచెం చెప్పాలి. మా ఆవిడ నలభై తొమ్మిదో ఏట ఈత నేర్చుకుంటోంది. ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు దాకా ఆడవాళ్ల బ్యాచ్. నెలల తరబడి గోడ పట్టుకుని కాళ్లాడించి, ఈమధ్యే గోడ వదిలింది. త్వరలో లోతు వైపు పంపిస్తానని ఈత నేర్పే ఆవిడ మాటిచ్చిందట. ఆవిడ గట్టి మనిషి. వరసగా నాలుగు వారాలు రాకపోతే పేరు కొట్టేస్తుంది. ఆ చోటు కోసం బయట ఇరవై మంది కాచుకుని ఉన్నారు.

ఇలా ఉండగా డాక్టరుగారు నా రక్తపరీక్ష కాగితం చూసి, కాసేపు నన్ను చూసి, మిల్లు మొహం చూడని తిండి తినమన్నారు. ఇంటికొచ్చి కూతుర్ని అడిగాను.

"హోల్ ఫుడ్స్ నాన్నా. పాలిష్ పట్టనివీ ప్యాకెట్లలో రానివీను. రోజూ వండక్కర్లేదు కూడా, వారానికోసారి వండి డబ్బాల్లో పెట్టుకోవచ్చు. కానీ మెల్లగా మొదలుపెట్టు. ముందు వారానికి రెండు పూటలు చాలు."

ఇంత మాటలో నా చెవిలో పడింది మొదటి ముక్క ఒక్కటే. హోల్! నా దుకాణం బోర్డు మీద ఇరవై ఆరేళ్లుగా ఉన్న మాట. ఇది మా హోల్‌సేల్‌కి తోడబుట్టిందే అయ్యుంటుందనుకున్నాను. మర్నాడు సాయంత్రానికి దంపుడు బియ్యం ఒక బస్తా, ఓట్స్ ఒక బస్తా, శనగలు ఒక బస్తా, చిక్కుడు గింజలు ఒక బస్తా ఇంటి ముందు దించాను.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. "ఏమండీ, ఎవరిదైనా పెళ్లా మనింట్లో?"

కూతురు తల పట్టుకుంది. "నాన్నా, హోల్ అంటే పూర్తి గింజ అని. పూర్తి బస్తా అని కాదు."

"గింజ పూర్తిగా ఉండాల్సినప్పుడు బస్తా సగమెందుకుండాలే?"

కాలేజీ చదువు చదువుతున్న పిల్ల, జవాబుకి బదులు బస్తాలు దాటుకుని లోపలికి వెళ్లిపోయింది.

మెల్లగా మొదలుపెట్టమన్నది కూడా పరిశీలించాను. తెల్లబియ్యంలో గుప్పెడు దంపుడు బియ్యం కలిపి, వారం వారం ఆ పాలు పెంచుకుంటూ పోవాలట. ఒక సరుకులో ఇంకో సరుకు తెలియకుండా కొంచెం కొంచెంగా కలపడాన్ని మా బజారులో కల్తీ అంటారు. ఇంట్లో చేస్తే అలవాటు చేసుకోవడం అంటారు. నేను నిజాయితీ గల వ్యాపారిని. మొదటి రోజు నుంచే నూటికి నూరు పాళ్లు దంపుడు బియ్యమే అన్నాను.

ముగ్గురు మనుషులు, రోజుకు రెండు పూటలు, ఏడు రోజులు. వెరసి నలభై రెండు డబ్బాలు. మా ఆవిడ ఆదివారం పొద్దున ఏడింటికి వంటింట్లోకి వెళ్లి మధ్యాహ్నం మూడింటికి బయటికొచ్చింది. ఆ తరవాత ఆరు రోజులు వంటన్నదే లేదు! ఇంతకన్నా సుఖం ఏ ఇల్లాలికి దక్కుతుంది చెప్పండి? ఈత పోయిందంటారా? నీళ్లు ఎక్కడికి పోతాయండీ, వచ్చే వారం కూడా అక్కడే ఉంటాయి.

మగవాళ్లు ఇంటిపనిలో చెయ్యి వెయ్యరని అనేవాళ్లు ఈ ముక్క శ్రద్ధగా చదవాలి. నలభై రెండు డబ్బాల మీదా తేదీలు రాసి అంటించింది నేనే. కుర్చీలో కూర్చునే అయినా, నడుము లాగేసింది.

ఇక అసలు సంగతి. వారమంతా తింటే పోయినవి ముప్పై ఒకటి. పిల్ల కొన్ని పూటలు కాలేజీ క్యాంటీన్‌లో తినొచ్చింది, నేను రెండు పూటలు ఆకలి లేదన్నాను. మిగిలినవి పదకొండు. రెండో ఆదివారం మళ్లీ నలభై రెండు దిగాయి. ఇప్పుడు ఏవి ముందు తినాలి?

మీరైతే కొత్తవి తింటారు. అందుకే మీరు వ్యాపారులు కాలేకపోయారు. ముందొచ్చిన సరుకు ముందు పోవాలి, లేకపోతే పాతది మూలన పడి తుప్పు పడుతుంది. ఇది గోడౌన్ ధర్మం. మేకుకైనా బోల్టుకైనా మా ఇంటి శనగలకైనా ఒకటే ధర్మం. కాబట్టి పాత పదకొండూ అయ్యేదాకా కొత్త డబ్బా మూత తియ్యకూడదన్నాను.

"పొయ్యి మీంచి ఇప్పుడే దిగింది కదా నాన్నా, వేడివేడిగా అది తినొచ్చుగా?"

"దాని వంతు రాలేదమ్మా."

వంతు పాటించే ఇల్లు ఎంత క్రమశిక్షణగా ఉంటుందో చూడండి. రెండో వారం చివరికి ఇరవై రెండు డబ్బాలు మిగిలాయి. మూడో ఆదివారం వండినదాని మూత తీసేసరికి శుక్రవారమైంది. తాజా తిండి మా కళ్లెదుటే, గాజు మూత కింద, పాతబడే దాకా ఓపిగ్గా ఎదురుచూసి, పాతబడ్డాక మా కంచాల్లోకి వచ్చేది. తాజాదనం మీద ఇంత పట్టు సాధించిన కుటుంబం ఇంకోటి ఉంటుందా!

మూడో ఆదివారం గింజలు ఉడుకుతుండగా మా ఆవిడ ఒక్కసారి గడియారం చూసి, "ఇప్పుడు వాళ్లు నీళ్లలోకి దిగుంటారు" అంది. నేను పదిహేడో డబ్బా మీద తేదీ రాస్తున్నాను.

నాలుగో ఆదివారం పొద్దున లేచేసరికి వంటింట్లో చప్పుడు లేదు. మా ఆవిడ ఫ్రిజ్ తలుపులు రెండూ బార్లా తెరిచి నిలబడి ఉంది. భుజాన ఈత సంచీ.

"ఏమండీ, ఇందులో ముప్పై మూడున్నాయి. వారానికి పోయేవి ముప్పై ఒకటి. అవునా?"

"అవును."

"మీ ధర్మం ప్రకారం ఇవాళ నేను వండింది ఈ వారమంతా ఎవరూ ముట్టుకోరు. అవునా?"

నేను లెక్క రెండుసార్లు వేశాను. తప్పు దొరకలేదు. పోస్టాఫీసు కౌంటర్‌లో కూర్చునే మనిషిని తక్కువ అంచనా వేశాను.

"అయినా నిలవ సరుకు లేకుండా ఎలా..." అన్నాను.

"రోజూ వండక్కర్లేదని మీరేగా అన్నది. ఆదివారం కూడా ఒక రోజేనండీ."

చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

పదకొండింటికి ఆకలేసి వంతు ప్రకారం ఒక డబ్బా తీశాను. వారం నాటి చిక్కుడు గింజలు నన్ను చూశాయి, నేను వాటిని చూశాను. ఒక చెంచా నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాను. మా పిల్ల తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది.

"నాన్నా, మింగు. ముప్పై రెండున్నాయి ఇంకా."

మింగలేకపోయాను. పెళ్లయ్యాక మొదటిసారి పొయ్యి వెలిగించాను. గుప్పెడు పప్పూ గుప్పెడు బియ్యమూ ఒక గిన్నెలో వేసి, ఒక సొరకాయ ముక్క తరిగి, ఒక వేలు కూడా కొంచెం తరిగి, ముప్పావు గంటలో దించాను. పళ్లెంలోంచి ఆవిరి లేచింది. ఇద్దరం కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాం.

మా ఆవిడ తడి జుట్టుతో వచ్చి, అడక్కుండా కూర్చుని, మారు వడ్డించుకుంది. "పేరు ఉంది. వచ్చే వారం లోతుకి" అంది. తరవాత, "ఉప్పెయ్యలేదు మీరు" అంది.

అప్పటి నుంచి నేను చిల్లర వర్తకానికి దిగాను. రోజూ ముగ్గురికి సరిపడా, ఆ పూటకి ఆ పూటే. పొద్దున నేను, సాయంత్రం ఎవరు ముందొస్తే వాళ్లు, ఆదివారం పూర్తిగా నేను. రోజూ వండకుండా ఆరోగ్యంగా బతకడమెలాగో బోధించేవాళ్లను ఒకటే అడుగుతాను. ఎన్ని డబ్బాలు కావాలో రాస్తారు, ఎన్ని గంటలు నానబెట్టాలో రాస్తారు, వండేదెవరో మాత్రం రాయరెందుకు? ఆ ఖాళీలో అన్ని ఇళ్లలోనూ ఒకరి పేరే పడుతుందని తెలిసే కదా!

నిజం చెప్పాలంటే ఆ విద్య నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ నేను రోజూ వండకుండానే తిన్నాను. అదీ, ఒక్క డబ్బా కూడా లేకుండా.

ఆఖరి లెక్క ఇది. ఒంట్లో మూడు కిలోలు తగ్గాయి. గింజల వల్లనో, పొయ్యి దగ్గర నిలబడటం వల్లనో తేల్చలేను. బస్తాలు మూడు ఇంకా మిగిలే ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే చెప్పండి. ఇక లాభం అంటారా, పోయిన ఆదివారం మా ఆవిడ కాలు నేలకందని చోట ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈదిందట. నేను చూడలేదు. ఆ వేళకి వంటింట్లో ఉన్నాను. ఆమె నోటిమాట మీదే లాభంలో వేసుకున్నాను.