రెండు గడుల హెవీవెయిట్

మనిషి అన్నవాడి బరువు రెండు అంకెలకు మించరాదని జాతీయ కుస్తీ సమాఖ్య తీర్మానించింది. తీర్మానించినట్టు దానికీ తెలియదు. పోటీల కొత్త ఆన్‌లైన్ ఫారంలో బరువుకు రెండే గడులు వేసి ఊరుకుంది.

ఈ సంగతి అందరికన్నా ముందు గున్నకు తెలిసింది. ఏనుగు గున్నలా ఉన్నాడని చిన్నప్పుడు మేనత్త పెట్టిన పేరు అది. నూట ఇరవై ఒక్క కిలోలకు ఎదిగినా పోలేదు. పదహారేళ్లుగా హెవీవెయిట్ ఫ్రీస్టైల్ కుస్తీ పడుతూ విదేశాల నుంచి రెండు కంచు పతకాలు తెచ్చాడు. ఇప్పుడు ముప్ఫై నాలుగేళ్లు, మోకాలు చెప్పినమాట వినడం మానేసింది. రాబోయే ప్రపంచ పోటీలే ఆఖరివి. ఒక్క బంగారు పతకం వస్తే చాలు, అంతకు మించి కోరికల్లేవు.

ఫోన్‌లో నూట ఇరవై ఒకటి కొడితే, ఫారం పన్నెండు తీసుకుని చివరి అంకెను గాలికి వదిలేసింది. మర్నాడు అభినందనలతో సందేశం వచ్చింది: మీరు చిన్నపిల్లల విభాగానికి ఎంపికయ్యారు, సంరక్షకుల సంతకం పంపగలరు. (భార్య సంతకం పెట్టింది కూడా. ఆవిడకు అందులో అబద్ధమేమీ కనిపించలేదు.)

గున్న సమాఖ్య ఆఫీసుకు వెళ్లాడు. బరువుల విభాగం గుమాస్తా అతన్ని కూర్చోమనలేదు. అక్కడి కుర్చీల సంగతి ఆయనకు తెలుసు.

"మీ బరువు ఎక్కువైపోయిందండీ."

"హెవీవెయిట్ కదండీ, ఎక్కువే ఉంటుంది."

"అది మీరూ మీ బరువూ చూసుకోండి. నా దగ్గరున్నవి రెండు గడులు."

"ఇంకో గడి కలపడానికి లేదా?"

"ఎందుకు లేదూ? గడుల ఉపసంఘం రెండేళ్లకోసారి కూర్చుంటుంది. పోయిన వారమే కూర్చుని లేచింది." గుమాస్తా మంచివాడు, గొంతు తగ్గించాడు. "తొంభై ఏడు దాటితే చాలు, హెవీవెయిటే కదా. తొంభై తొమ్మిదికి దిగి రండి. గడికీ మర్యాద, మీకూ మర్యాద."

రెండు నెలలు టైముంది. భార్య కంచం తీసేసి సాసరు పెట్టింది. "మిమ్మల్ని ఇంతవారిని చెయ్యడానికి పదహారేళ్లు వండాను. ఇప్పుడు గడిలో పట్టడంలేదంట," అని పొయ్యి ఆర్పేసింది. కాటా తొంభై తొమ్మిది చూపిన రోజు గున్నకు ఏడుపొచ్చింది. మ్యాట్ మీద భుజం జారినప్పుడు కూడా రాని ఏడుపు అది.

ఫారం మాత్రం అతన్ని ఒక్క నిమిషంలో ఆమోదించింది.

ప్రపంచ పోటీల్లో మొదటి కుస్తీకే ఎదురైనవాడు నూట ఇరవై నాలుగు కిలోలు. (వాళ్ల సమాఖ్యలో గడులు మూడట.) అతను గున్నను నడుం పట్టి ఎత్తి, పడేసే ముందు ఒక్క క్షణం అనుమానంగా చూశాడు. నలభై సెకన్లలో గున్న భుజాలు రెండూ మ్యాట్‌కు ఆనాయి. బంగారం ఆశ అక్కడితో సరి.

సమాఖ్య చేతులు ముడుచుకు కూర్చోలేదు. విచారణ సంఘం వేసి ఓటమికి కారణం కనిపెట్టింది: క్రీడాకారుడికి చాలినంత బరువు లేకపోవడం. ఇంతటి నిర్లక్ష్యం మళ్లీ జరగకుండా అతన్ని స్వచ్ఛందంగా విరమించుకోమని సిఫార్సు చేస్తూ, విరమణ ఫారం జతచేసింది.

గున్న కలం తీసుకుని నింపడం మొదలుపెట్టాడు. అందులో బరువుకు మూడు గడులున్నాయి.